ఫ్రిజ్జుకి వడ్డాణం

ఇల్లు వదిలి తిరిగిన ప్రయాణాలు నాకు చాలానే ఉన్నాయి. పత్రికలో పనిచేసినవాడికి అది తప్పదు. ఇంటిని వెంటబెట్టుకుని తిరగడం మాత్రం ఇదే మొదటిసారి. గుడివాడలో బయల్దేరి, బందరు మీదుగా దివిసీమలో సముద్రం ఒడ్డు దాకా వెళ్ళొచ్చాం. దారి పొడవునా కాలవలూ, వరి కోసిన చేలల్లో పచ్చగా పరుచుకున్న మినుమూ, కృష్ణలో ఇసక తిన్నెలూ చూసొచ్చానని చెప్పుకోవాలని ఉంది. చూడకపోలేదు. కానీ ఎక్కువసేపు చూసింది మాత్రం ఒక ఫ్రిజ్జు తలుపుని.

గుడివాడ

మా బావ వెంకటరత్నం గారు గుడివాడలో హైస్కూలు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. చెప్పింది ఫిజికల్ సైన్సు. రిటైరయ్యాక ఒక పాత స్కూలు మినీ బస్సు కొని, సీట్లు పీకించి, మూడు పడకలూ ఒక గ్యాసు పొయ్యీ చిన్న సింకూ పెట్టించి దాన్ని ఇల్లుగా మార్చారు. ఇంగ్లీషులో మోటర్ హోమ్ అంటారు. వాళ్ళ వీధిలో ఇల్లుబండి అంటున్నారు.

ఇలాంటి బండ్లకి వేరే ఫ్రిజ్జులు దొరుకుతాయి. చిన్నవి, తలుపుకి గడియ ఉన్నవి. మా అక్క పద్మావతి వాటిని చూసి పెదవి విరిచింది. గడియ పెట్టుకోవడానికి అదేమైనా బీరువానా అంది. తన వంటింట్లో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న ఫ్రిజ్జు ఏం పాపం చేసిందంది. దాంతో ఆ సింగిల్ డోర్ ఫ్రిజ్జునే, దాని మీది మామిడిపండు స్టిక్కరుతో సహా, బస్సెక్కించారు.

ఎక్కడ పెట్టాలన్నది బావ నిర్ణయం. బస్సు అప్పుడు ఇంటిముందు తూర్పు ముఖంగా ఆగి ఉంది. వంట ఆగ్నేయంలో జరగాలి కాబట్టి పొయ్యీ ఫ్రిజ్జూ డ్రైవరు సీటు వెనక కుడి మూలకొచ్చాయి. ఫ్రిజ్జు తలుపు కుబేరుడి దిక్కుకి తెరుచుకుంటే మంచిది కాబట్టి దాని వీపు కుడి గోడకి, మొహం ఎడమకి అయింది. కింద ఇనప యాంగిల్ వేసి బోల్టులు బిగించి, దారిలో కరెంటుకి ఇన్వర్టరూ బ్యాటరీ తగిలించారు.

బస్సు కదిలితే ఆగ్నేయం కూడా కదిలిపోదా అని అడిగాను. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు బావ జవాబు చెప్పారు. నడుస్తున్నంతసేపూ అది బండి, దానికి వాస్తు వర్తించదు. ఆగితే ఇల్లు, అప్పుడు వర్తిస్తుంది. అందుకని ఎక్కడ ఆపినా తూర్పు ముఖంగానే ఆపుతానన్నారు. ఆపారు కూడా. దాని సంగతి బందరులో చెబుతాను.

ఈ ప్రయాణానికి అసలు కారణం ఒక స్టీలు క్యానెడు జున్నుపాలు. అక్కకి ఎస్తేరు అని ఒక స్నేహితురాలు. ఇద్దరూ బందరు హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చేశారు. ఎస్తేరు గారిది దివిసీమలో కోడూరు. కిందటేడు పెద్ద జబ్బు చేసి, వైద్యమంతా అయి, మనిషి గండం గడిచి ఇల్లు చేరింది. కానీ ఆ మందులతో నాలుక్కి రుచీ, ముక్కుకి వాసనా తెలియడం పోయాయి. వస్తాయని డాక్టర్లు చెప్పిన గడువు దాటినా రాలేదు. తిండి మీద ఆశ పోయి మనిషి చిక్కిపోతోంది. ఒకరోజు ఫోన్లో, "మట్టి తిన్నా ఒకటే, మైసూరుపాకు తిన్నా ఒకటేనే పద్దూ. హాస్టల్లో మీ నాన్నగారు తెచ్చిన జున్ను దొరికితే తెలుస్తుందేమో" అందట.

అన్న వారానికే అక్క వాళ్ళ పక్కింటి సుబ్బాయమ్మ గారి గేదె ఈనింది. మా వైపు జున్నుపాలు అమ్మరు. ఇస్తారు. పుచ్చుకున్నవాళ్ళు ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. మళ్ళీ కావాలంటే ఇంకో గేదె ఈనేదాకా ఆగాలి. చిక్కేమిటంటే ఎస్తేరు గారు ఆరోజు చెకప్‌కని విజయవాడ వెళ్ళారు, మర్నాటికి గానీ కోడూరు చేరరు. కాబట్టి పాలు ఒక రోజూ ఒక రాత్రీ చెడకుండా ఉండాలి. ఫ్రీజరులో గడ్డకట్టించి కరిగిస్తే నీళ్ళొదిలి విరిగినట్టవుతాయని అక్క నమ్మకం. కింద అరలోనే, తలుపు వేసి, చల్లగా ఉంచి తీసుకెళ్ళాలి. పని అంతే.

వీధి చివర కుడికి తిరిగాం. వెనక ఇంటి సామానంతా మెట్లమీంచి దొర్లినట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఫ్రిజ్జు తలుపు బార్లా తెరుచుకుని, లోపలి దీపం వెలుగుతూ, ప్రశాంతంగా ఉంది. కోడిగుడ్లు నేలమీద ఉన్నాయి. పెరుగు నా మంచం మీద ఉంది. జున్నుపాల క్యాను బస్సు చివరిదాకా దొర్లిపోయి వెనక తలుపుకి కొట్టుకుని ఆగింది. మూతకి సొట్ట పడింది గానీ ఊడలేదు. అక్క దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, మూత చుట్టూ వేలితో తడిమి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

బావ బండి దిగి వచ్చి, పరిశీలించి, విషయం వివరించారు. "తలుపు తెరుచుకోలేదు పద్మా. అది తిన్నగానే వెళ్తోంది. బండే కుడికి తిరిగింది."

"అయితే బండితో పాటు తిరగమని దానికీ ఓ పాఠం చెప్పండి" అంది అక్క, పెరుగు తుడుస్తూ.

తన పాత పైజమాలోంచి బొందు లాగి, ఫ్రిజ్జు చుట్టూ తిప్పి, ముందు ముడి వేశారు బావ. మేం పామర్రు దారి పట్టాం.

పామర్రు సెంటర్లో

పామర్రులో విజయవాడ–బందరు రోడ్డెక్కడానికి ఎడమకి తిరగాలి. తిరిగాం. తలుపు కదల్లేదు. బావ అద్దంలోంచి నావైపు చూసి కనుబొమలెగరేశారు. బొందు మహిమ అని ఆయన ఉద్దేశం. ఫ్రిజ్జు మొహం ఎడమకి ఉంది కాబట్టి కుడి మలుపుల్లోనే తెరుచుకుంటుందనీ, ఎడమ మలుపులో దానంతటదే ఇంకా గట్టిగా మూసుకుంటుందనీ ఆయన మాటల్లోంచే నాకర్థమైంది. అదే అక్కతో అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, బందరు దాకా ఎడమ పక్కకే తిరుగుతూ వెళ్ళే దారేదైనా ఉందా అని అడిగింది.

కొబ్బరిబోండాల బండి దగ్గర ఆగాం. బోండాం నలభై రూపాయలు. హైదరాబాదులో మా వీధి చివర ఇంతకన్నా చిన్నది ఇంతకన్నా ఎక్కువ. బోండాలాయన కత్తి పట్టుకునే మా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు.

"ఏం అమ్ముతారండీ ఇందులో?"

ఏమీ అమ్మమనీ, ఇందులో ఉంటామనీ బావ చెప్పారు. ఆయన నమ్మలేదు. పొయ్యి ఉంది, ఫ్రిజ్జు ఉంది, బల్ల ఉంది. టిఫినా, ఐస్‌క్రీమా అన్నది తేల్చుకోవాలనుకున్నాడు. ఆ తర్వాత దారిలో ప్రతిచోటా ఇదే ప్రశ్న. ఒకచోట కంటి పరీక్షల బండి అనుకుని ఒక పెద్దాయన వచ్చి మంచం మీద పడుకున్నాడు కూడా. ఆయన్ని లేపడానికి మజ్జిగ ఇవ్వాల్సి వచ్చింది. మజ్జిగ కోసం ఫ్రిజ్జు తెరవాలి, తెరవాలంటే బొందు ముడి విప్పాలి. బావ వేసిన ముడి విప్పడం ముగ్గురి పని.

చిలకలపూడి

బందరులో బావకి భ్రమరాంబ గారని వరస చెల్లెలు ఉన్నారు. ఇల్లు చిలకలపూడిలో. ఆ ప్రాంతంలో చాలా ఇళ్ళలో చేసే పనే వాళ్ళింట్లోనూ. రోల్డుగోల్డు నగలు. వసారాలో నలుగురు కూర్చుని గొలుసులకి కొక్కేలు తగిలిస్తుంటారు. ఆ పక్కనే ఇంకో పళ్ళెంలో పచ్చగా మెరుస్తూ జూకాలు, పాపిడిబిళ్ళలు. అసలు బంగారం ధర ఆకాశంలో ఉన్న ఈ రోజుల్లో ఆ వసారాలో కూర్చుంటే మనసుకెంతో హాయిగా ఉంటుంది.

ఆ వీధి ఉత్తర దక్షిణాలుగా ఉంది. బావ బండిని తూర్పు ముఖంగా నిలపాలి. అంటే వీధికి అడ్డంగా. ఎదురింటి వాళ్ళ గేటులోకి ముందు చక్రాలు, భ్రమరాంబ గారి అరుగు మీదకి వెనక భాగం. అటూ ఇటూ ఆటోలు ఆగిపోయాయి. ఒక ఆటో అతను దిగొచ్చి అంతా చూసి, కోపం లేకుండానే అడిగాడు. "మాస్టారూ, పడమరకి పెడితే పాలు పుల్లబడతాయా?"

బావ అతనికి బండికీ ఇంటికీ తేడా చెప్పడం మొదలుపెట్టారు. భ్రమరాంబ గారు వచ్చి, "అన్నయ్యా, ఇక్కడ వీధి ఉంటేనే నీ బండి వస్తుంది, నువ్వు వీధిని కాస్త ఉండనియ్యి" అని చెప్పి, పక్కన ఖాళీ స్థలం చూపించారు. అక్కడ తూర్పు దొరికింది. వాళ్ళింట్లోంచి వైరు లాగి ఫ్రిజ్జుకి కరెంటిచ్చారు.

ఇక జనం. హైదరాబాదులో మా అపార్టుమెంటులో ఎదురింటివాళ్ళ ఫ్రిజ్జు ఏ రంగో నాకు ఇప్పటికీ తెలియదు. చిలకలపూడిలో బండెక్కిన ప్రతివారూ ముందు ఫ్రిజ్జు తలుపు తెరిచారు. బస్సులో మంచం ఉందంటే నమ్ముతారు, సింకు ఉందంటే నమ్ముతారు, ఫ్రిజ్జు మాత్రం తెరిచి, దీపం వెలిగి, చేతికి చల్లగాలి తగిలితేనే నమ్ముతారు. చూసినవాళ్ళు వెళ్ళి చూడనివాళ్ళని తీసుకొచ్చారు. చూడనివాళ్ళు వట్టి చేతుల్తో రాలేదు. ఒకరు గడ్డపెరుగు, ఒకరు రొయ్యల వేపుడు, ఒకరు గోంగూర, ఇంకొకరు బందరు హల్వా. అన్నీ ఫ్రిజ్జులోకే. హల్వా కూడా ఫ్రిజ్జులో పెడుతుంటే భ్రమరాంబ గారు తీయించి అక్కని కేకలేశారు. బందరు హల్వాని ఫ్రిజ్జులో పెట్టడమంటే చుట్టాన్ని గదిలో పెట్టి గొళ్ళెం వేసినట్టేనట.

అక్క ఆ సాయంత్రమంతా బండిలో కాపలా కూర్చుంది. ఎవరైనా తలుపు తెరిస్తే చిరునవ్వుతో మూసింది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూసింది. మధ్యమధ్య క్యాను మూత తీసి వాసన చూసుకుంది. "వీళ్ళ అభిమానం వేడికే విరిగిపోయేట్టున్నాయిరా" అంది నాతో, మెల్లిగా.

పొద్దున్న బయల్దేరబోతూ బావ మళ్ళీ పైజమా బొందు అందుకున్నారు. భ్రమరాంబ గారికి అది నచ్చలేదు. "నలుగురూ చూసే ఫ్రిజ్జుకి పైజమా బొందేంటి అన్నయ్యా, అప్రదిష్ట" అని లోపలికెళ్ళి రెండు వడ్డాణాలు తెచ్చారు. నాట్యం చేసే పిల్లల కోసం చేసినవి. ఫ్రిజ్జు చుట్టుకొలతకి రెండూ కలపాల్సి వచ్చింది. వెనక గాలి ఆడటానికి వదిలిన సందులోంచి తిప్పి, ముందుకి తెచ్చి, కొక్కెం తగిలించారు. మామిడిపండు స్టిక్కరు కింద నెమళ్ళ వడ్డాణం. వసారాలోవాళ్ళంతా వచ్చి చూశారు. ఒకావిడ జడకుచ్చులు కూడా తెస్తానంది. అక్క వద్దంది.

నిజం చెప్పాలి, బందరు దాటేదాకా ఎన్ని కుడి మలుపులు తిరిగినా తలుపు తెరుచుకోలేదు. అక్క ముందుజాగ్రత్తగా క్యాను చుట్టూ తువ్వాళ్ళు కుక్కి, మిగతా గిన్నెల మధ్యా ఏమీ దొర్లకుండా పాత చీరలు కూరింది. చప్పుడనేది లేదు. చప్పుడు లేకపోవడమే కొంప ముంచింది.

పులిగడ్డ

చల్లపల్లి దాకా రోడ్డు బండిని బాగానే కుదిపింది. మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గరికొచ్చేసరికి బావ మమ్మల్నిద్దరినీ ముందుకి పిలిచారు. అక్కడ కృష్ణ పాయ మీదుగా కాలవ ఇంకో నదిలా వంతెనెక్కి దివిసీమలోకి వెళ్తుంది. కింద నది, పైన కాలవ. నీటి మీద నీరు నడవడం చూసి తీరాల్సిందే. బావ పాఠం చెప్పారు, మేం విన్నాం. అవనిగడ్డ దాటి కోడూరు దారిలో ఒక టీ బడ్డీ దాకా మేం ముగ్గురం ముందు సీట్లలోనే కబుర్లు చెప్పుకుంటూ వచ్చాం.

టీ తాగుదామని బండాపి వెనక్కెళ్ళిన అక్క అక్కడే నిలబడిపోయింది.

వడ్డాణం ఫ్రిజ్జు కాళ్ళ దగ్గర పడి ఉంది. తెగలేదు, కొక్కెం ఊడలేదు. కుదుపులకి మెల్లిగా జారిపోయింది. వడ్డాణం నిలవాలంటే నడుమనేది ఉండాలి. ఫ్రిజ్జుకి ఎక్కడిది? ఏదో మలుపులో తలుపు తెరుచుకుంది. గోంగూర కట్ట అడ్డం పడి మళ్ళీ మూసుకోకుండా ఆపింది. కుక్కిన చీరల వల్ల ఒక్క గిన్నె కూడా జారలేదు, చప్పుడు కాలేదు. ఎప్పటినుంచి అలా ఉందో తెలియదు. చల్లబరుద్దామని పాపం ఆగకుండా తిరిగి తిరిగి ఫ్రిజ్జు బ్యాటరీని కూడా తినేసింది. దీపం కూడా లేదు.

అక్క క్యాను బుగ్గకి ఆనించుకుంది. చల్లదనం పోయింది. మూత తీసి వాసన చూసింది. ఇంకా చెడలేదు. ఎండ మాత్రం నడినెత్తికొస్తోంది. బావ పాఠం జోలికి పోకుండా వడ్డాణం ఏరి పక్కన పెట్టారు. 

బడ్డీ నీడలోనే ఒక ఆటో ఆగి ఉంది. దాన్నిండా తెల్లటి థర్మోకోల్ పెట్టెలు. పక్కన టీ తాగుతున్నావిడ పేరు నాంచారమ్మ. సముద్రం ఒడ్డు పల్లె. మొగుడు పడవ మీద వెళ్తాడు, ఈవిడ చేపలు ఊళ్ళకి తీసుకెళ్ళి అమ్ముతుంది. మా బండిని పైనుంచి కిందిదాకా చూసి అందరూ అడిగిందే అడిగింది. "ఏం సరుకమ్మా?"

అక్క మొదటిసారి ఆ ప్రశ్నకి విసుక్కోలేదు. జున్నుపాలు అని చెప్పింది. ఎవరికోసమో, ఎందుకో, ఇప్పుడేమైందో, మొత్తం చెప్పింది. నాంచారమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి, ఆటోలో ఒక పెట్టె మూత తీసింది. ఐసు ముక్కల మధ్య నీలంగా, చారలు చారలుగా కానాగంతలు. ఆ కిందనుంచి రెండు చేతుల్తో ఐసు తవ్వి మా బకెట్లో పోయబోయింది.

అక్క చెయ్యి అడ్డం వచ్చింది. చేపల ఐసులో జున్నుపాలు.

"చేపలకి పాల వాసనొస్తే బేరం పోద్దని నేను భయపడాలి గానీ, నీకేంటి తల్లీ" అంది నాంచారమ్మ. "వాసనొచ్చిన పాలు తాగొచ్చు. విరిగిన పాలు ఏం చేసుకుంటావు?"

అక్క చెయ్యి తీసేసింది. బకెట్లో ఐసు, ఐసులో మెడదాకా క్యాను, సొట్టపడిన మూత మీద ప్లాస్టిక్ కవరూ రబ్బరు బ్యాండూ. నాంచారమ్మ డబ్బులు తీసుకోలేదు. ఆవిడ మగ్గు ఒకటి ఐసుతో పాటు మా బకెట్లోకొచ్చింది. అక్క అందులో బందరు హల్వా పెట్టి తిరిగిచ్చింది. ఖాళీగా ఇవ్వకూడదు కదా.

కోడూరు దాకా అక్క కింద పీట వేసుకుని కూర్చుంది. రెండు మోకాళ్ళ మధ్య బకెట్టు. కుడికాలు చాపి ఫ్రిజ్జు తలుపుకి తన్నిపెట్టింది. అన్ని ఏర్పాట్లలోకీ అదే గట్టిగా నిలిచింది. ఆ కాసేపూ బావ బండిని గుడివాడ వీధుల్లో కొత్తగా సైకిలు నేర్చుకునేవాళ్ళలా నడిపారు.

కోడూరు

ఎస్తేరు గారు గేటు దగ్గరే ఉన్నారు. ఎముకల మీద చీర కట్టినట్టున్నారు గానీ కళ్ళలో నవ్వు అలాగే ఉంది. ఆవిడ భర్త దేవదానం గారు పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. మాట తక్కువ మనిషి. బావ బండిని ముందుకీ వెనక్కీ తిప్పి తూర్పు వెతుక్కుంటుంటే, ఆయన ఏమీ అడక్కుండా ఎదురుగా నిలబడి చేత్తో సైగలు చేశారు.

అక్క కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. జున్నుపాలల్లో మామూలు పాలు కొలిచి కలిపి, బెల్లం కరిగించి, మిరియాలూ యాలకులూ దంచి వేసి, గిన్నెని ఆవిరి మీద పెట్టింది. పాలు పాడయ్యుంటే ఇక్కడ తెలిసిపోతుంది. గట్టిపడకుండా నీళ్ళూ ముక్కలూ వేరైపోతాయి.  ఆవిరి పట్టేలోపు బావ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెళ్ళారు. అక్క మూత తీసి చెంచా గుచ్చింది. చెంచా నిలబడింది.

గిన్నెలు పంచాక దేవదానం గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మాట తక్కువ మనిషి ప్రార్థనలో మాత్రం తక్కువ కాదు. గేదెని తలుచుకున్నారు, దాని యజమానురాలిని తలుచుకున్నారు, దారిలో సాయం చేసినావిడని తలుచుకున్నారు, బస్సుని తలుచుకున్నారు. ఫ్రిజ్జు దగ్గరికొచ్చేసరికి బావ ఒక కన్ను తెరిచి ఆయన వంక చూశారు. ఆమెన్ అన్నాక అందరం ఎస్తేరు గారి వైపు తిరిగాం.

ఆవిడ చెంచాడు నోట్లో పెట్టుకున్నారు. మెల్లిగా నమిలారు. మా మొహాలు చూసి, మమ్మల్ని బాధపెట్టకుండా ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నట్టనిపించింది. అక్క గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. ఎస్తేరు గారు ఇంకో చెంచా తీసుకుని, నోటి దాకా తెచ్చి, ఆపారు. మొహం చిట్లించారు.

"ఏమే పద్దూ, ఇందులో చేపల వాసనొస్తోందేంటే?"

అక్క ముఖం వాడిపోయింది. క్యాను మూత సొట్ట గురించీ, ఐసు గురించీ, తిన్నాక చెబుదామనే అనుకున్నాననీ గబగబా మొదలుపెట్టింది. దేవదానం గారు చెయ్యెత్తి అక్కని ఆపారు. 

"ఎస్తేరూ, ఏం వాసనొస్తోందన్నావు?"

ఆవిడకి అప్పుడర్థమైంది. గిన్నె ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి లోపలిదాకా లాగారు.

"చేపలు" అన్నారు. ఇంకోసారి లాగారు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనిషి. "కానాగంతలు."

వాళ్ళింట్లో కానాగంతల గురించి మేమెవరం ఒక్క మాట కూడా అనలేదు. ఐసు పోసినావిడ కూడా మాకు ఆ చేప పేరు చెప్పలేదు. పెట్టెలో చూసిన ముగ్గురికే తెలుసు. బావ నావైపు చూశారు. నేను వేరేవైపు చూశాను, ఎందుకంటే అక్క ఏడుస్తోంది.

ఎస్తేరు గారు ఏడవలేదు. రెండో చెంచా తిన్నారు, మూడోది తిన్నారు. అప్పుడు తీర్పు చెప్పారు. "బెల్లం ఎక్కువేశావు. మిరియం తక్కువేశావు. హాస్టల్లోనూ ఇంతే. నీ చెయ్యి మారలేదే."

తన వంట గురించి అంత చెడ్డ మాట విని అక్క అంత సంతోషపడటం నేనెన్నడూ చూడలేదు. రుచి అంతా ఒక్కసారిగా వెనక్కొచ్చిందని చెప్పను. ఆ రాత్రి గోంగూర పులుపు తెలిసీ తెలియనట్టుందన్నారు. రొయ్యల వేపుడులో కారం తెలిసింది, ఉప్పు తెలియలేదు. అయినా రెండోసారి వడ్డించుకున్నారు. వడ్డించుకోవడం చూసి దేవదానం గారు లేచి పెరట్లోకి వెళ్ళి కాసేపటికి గానీ రాలేదు.

పాలకాయతిప్ప

మర్నాడు పొద్దున్నే అయిదుగురం హంసలదీవి దాకా వెళ్ళి, అక్కణ్ణించి పాలకాయతిప్పకి వెళ్ళాం. కృష్ణ సముద్రంలో కలిసే చోటు. అక్కడ తూర్పు వెతుక్కునే పని లేదు, సూర్యుడే చూపిస్తున్నాడు. బావ బండిని సముద్రానికి ఎదురుగా నిలిపి, దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని తృప్తిగా చూసుకున్నారు. ఈ యాత్ర మొత్తంలో ఆ ఒక్కసారే అది మొదటి ప్రయత్నంలోనే ఎవరికీ అడ్డం కాకుండా ఆగింది.

ఎస్తేరు గారు ఇసకలో కూర్చుని గాలి పీల్చి, ఉప్పు వాసన అన్నారు. కాసేపాగి, పడవల్లో డీజిల్ అన్నారు. ఇంకాసేపటికి, ఎవరో బీడీ కాలుస్తున్నారు అన్నారు. దూరంగా ఒకతను నిజంగానే కాలుస్తున్నాడు. అక్క ఆవిడ పక్కనే కూర్చుని ఒక్కొక్కదానికీ తల ఊపింది.

ఫ్రిజ్జు సమస్య అక్కడే తేలింది. తిరుగు ప్రయాణంలో కూడా కాలు తన్నిపెట్టి కూర్చోవడం తన వల్ల కాదని అక్క చెప్పింది. ఫ్రిజ్జు వీపుని డ్రైవరు సీటు వెనక గోడకి ఆనిస్తే, తలుపు బండి వెనక్కి తిరుగుతుంది, మలుపులకి తెరుచుకోదు. అది బావకీ తెలుసు. జోరుగా ముందుకి ఉరికితే తెరుచుకోవచ్చు గానీ, ఆ బండికి అంత జోరు లేదు. కానీ అప్పుడు తలుపు పడమరకి తెరుచుకుంటుంది. బావ ఒప్పుకోలేదు. కుబేరుడు ఉత్తరాన ఉంటాడని గుర్తుచేశారు.

"నడుస్తున్నప్పుడు ఇది బండా, ఇల్లా?" అని అడిగింది అక్క.

"బండి" అన్నారు బావ.

"బండికి వాస్తు ఉందా?"

"లేదు."

"మరి బండిగా ఉన్నంతసేపూ ఫ్రిజ్జు ఎటు చూస్తే మీకేం? ఇల్లయ్యాక మీ కుబేరుడి వైపు తిప్పుకోండి."

 బావ తన సూత్రంలో తనే పట్టుబడ్డారు. దేవదానం గారు అప్పటికే స్పానరు పట్టుకుని నిలబడ్డారు. కోడూరు వెనక్కెళ్ళాక బోల్టులు విప్పి, కింద చక్రాల స్టాండు పెట్టి, గోడకి రెండు కొక్కేలు కొట్టారు. నడిచేటప్పుడు ఒకవైపు, ఆగినప్పుడు ఇంకోవైపు. అన్ని వాస్తులూ సరిపోయాయి.

బయల్దేరేముందు ఎస్తేరు గారు సుబ్బాయమ్మ గారి క్యాను తెచ్చిచ్చారు. ఖాళీగా కాదు. నిండా ఎండు కానాగంతలు. ఎలాగూ వాసనుంది కదా, మళ్ళీ తోమడమెందుకు అన్నారు. అక్క దాన్ని ఫ్రిజ్జులో పెట్టి తలుపు వేసింది.

వీధి చివర కుడి మలుపు. బావ అద్దంలోంచి చూస్తున్నారు. నేను గిన్నెలు పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. బండి తిరిగింది. తలుపు కదల్లేదు. ఇంకో కుడి మలుపొచ్చింది. కదల్లేదు. అవనిగడ్డ వచ్చింది, పులిగడ్డ వచ్చింది, కింద నది, పైన కాలవ, తలుపు అలాగే మూసి ఉంది.

అక్క కుడికాలు కూడా గుడివాడ దాకా దాన్ని తన్నిపెట్టి అలాగే ఉంది.